మా ఇంటికి వచ్చిన చాంద్రరోగము

మత్తయి సువార్త 17వ అధ్యాయములో ఒక తండ్రి ప్రభువు ఎదుట మోకరించి తన కుమారుని కోసం మొరపెట్టుకునే చోట, మన తెలుగు బైబిలులో "చాంద్రరోగి" అనే మాట ఉన్నది. సండేస్కూలులో ఆ మాట చదివి, అది ఏ రోగమో అడగకుండానే తరువాతి వచనానికి దాటిపోయినవారు మనలో చాలామంది ఉంటారు. గ్రీకు మూలములో కూడ అది చంద్రునికి సంబంధించిన మాటే. చంద్రుని వృద్ధి క్షయాలను బట్టి ఆ రోగము వస్తూ పోతూ ఉంటుందని ఆ కాలమువారు తలంచేవారు. మార్కు ఇంకా వివరంగా వ్రాశాడు. నేలమీద పడి దొర్లడం, నోట నురుగు, పళ్ళు కొరకడం, ఒళ్ళు బిగుసుకుపోవడం అన్నీ అక్కడ ఉన్నాయి. ఈనాడు ఏ నర్సమ్మ చదివినా ఇది మూర్ఛరోగమేనని చెబుతుంది.

ఆ పిల్లవానిలో దురాత్మ ఉన్నదని, ప్రభువు దానిని గద్దించాడని కూడ సువార్త చెబుతున్నది. దానిని మేము తక్కువ చేసి చెప్పబోవడం లేదు. అయితే అదే మత్తయి 4వ అధ్యాయము 24వ వచనములో, ప్రభువు యొద్దకు తెచ్చిన రోగులను లెక్కపెడుతూ, దయ్యము పట్టినవారిని వేరుగా, చాంద్రరోగులను వేరుగా, పక్షవాయువు గలవారిని వేరుగా చెప్పాడు. సువార్తికునికి తేడా తెలుసు. మన పల్లెల్లోనే రెండూ కలిసిపోయాయి. మార్కు వ్రాసినదానిలో మరొక చిన్న సంగతి ఉంది. ప్రభువు ఆ పిల్లవానిని బాగుచేయక ముందు, ఇది ఎంతకాలం నుండి ఉన్నదని తండ్రిని అడిగాడు. పసితనము నుండి అని తండ్రి చెప్పాడు. ఆసుపత్రిలో డాక్టరు మమ్మల్ని మొదట అడిగిన ప్రశ్న కూడ అదే.

మా అమ్మాయికి పదకొండవ ఏట ఈ జబ్బు వచ్చింది గనుక ఇదంతా మేము నేర్చుకోవలసి వచ్చింది. పన్నెండేళ్ళ క్రితం మాట. బడికి పోయే వేళ, జడ వేయించుకుంటూ కూర్చున్న పిల్లకు కుడిచేయి దానంతటదే కొట్టుకోవడం మొదలయింది. నోరు ఒక ప్రక్కకు లాగింది. చూస్తుండగానే ఒళ్ళంతా బిగుసుకొని పడిపోయింది. ఇరుగుపొరుగువారు పరుగెత్తుకొని వచ్చారు. ఒకరు తాళాలగుత్తి చేతిలో పెట్టారు. ఒకరు ఎర్రగడ్డ కోసి ముక్కు దగ్గర పట్టారు. చెప్పు వాసన చూపించమన్నవారు కూడ ఉన్నారు. రెండు మూడు నిమిషాలకు దానంతటదే ఆగి, పిల్ల గాఢనిద్రలోకి పోయింది.

"పాపకు గాలి తగిలిందక్కా. నిన్న పొద్దుమునిగినాక పెన్నేటి ఒడ్డుకు పోయినట్లుంది" అని ఎదురింటి ఆమె చెప్పింది. ఆమె మంచి మనిషి. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగకపోతే అన్నము వండి తెచ్చింది కూడ ఆమే.

తల స్కానింగు తీయించాము. నరాల డాక్టరు ఆ ఫిలిమును వెలుతురు పెట్టెమీద పెట్టి, ఎడమవైపున ఒక తెల్లని ఉంగరము చూపించాడు. కందిగింజంత ఉంటుంది. దాని చుట్టూ నల్లని మరక, ఉంగరముకంటె ఎన్నో రెట్లు పెద్దది. మేము ఆ ఉంగరము వైపే చూస్తూ ఉన్నాము. ఆయన వేలు మాత్రం ఆ నల్లని మరకమీద ఉంది.

"ఇది పురుగు తిత్తమ్మా. బ్రతికి ఉన్నన్నాళ్ళూ మీ పాపను ఏమీ చేయలేదు. ఇప్పుడు చస్తాంది. చచ్చేటప్పుడు దాని చుట్టూ వచ్చిన వాపు వల్లనే ఫిట్స్" అన్నాడు.

పురుగు చస్తే జబ్బు పోవాలి గాని, రావడమేమిటి? మా అనుమానము మా ముఖములో కనబడి ఉండాలి. ఆయన మన ప్రాంతపు మనిషే. కాలిలో తుమ్మముల్లు విరిగినప్పుడు ఏమవుతుందో చెప్పమన్నాడు. ముల్లు సూదంత ఉంటుంది, పాదము కుండంత అవుతుంది. నొప్పి ముల్లుది కాదు, ముల్లును తరిమివేయాలని శరీరము చేసే యుద్ధానిది. పాదము ఉబ్బితే చోటున్నది. మెదడు ఎముక పెట్టెలో ఉన్నది, ఉబ్బడానికి చోటు లేదు.

తరువాత మేము అడిగి, చదివి తెలుసుకున్న వివరము ఇది. పంది బద్దెపురుగు గ్రుడ్డు మనిషి కడుపులోనికి పోతే, అందులోనుండి బయటపడిన పిల్ల రక్తములో ప్రయాణము చేసి కండలోనో, కంటిలోనో, మెదడులోనో దిగబడి, చుట్టూ నీటి తిత్తి కట్టుకుంటుంది. మన రక్తములో కాపలా కాసే కణాలకు తన ఉనికి తెలియకుండ అది కొన్ని పదార్థాలను విడుస్తూ వాటిని జోకొడుతుంది. అందువలన కొన్ని సంవత్సరాలు ఏ గొడవా లేకుండ ఉంటుంది. వయసయిపోయి అది చావడం మొదలుపెట్టగానే ఆ జోల ఆగిపోతుంది. కాపలాదారులు ఒక్కసారిగా మేల్కొంటారు. వాటిని పిలవడానికి మెదడులోని కణాలు ఇంటర్‌ల్యూకిన్ వంటి రసాయనాలను వదులుతాయి. రక్తనాళాల గోడలు వదులై నీరు ఊరుతుంది. నరకణాల చుట్టూ పేరుకొనే లవణాలను, రసాయనాలను ఎప్పటికప్పుడు ఎత్తిపోసే సహాయక కణాలు ఆ పని సరిగా చేయలేకపోతాయి. నరకణాలు చిరచిరలాడుతూ, కారణము లేకుండానే అన్నీ కలిసి ఒక్కసారి మెరుస్తాయి. ఆ మెరుపే ఫిట్స్. ఎడమవైపున ఆ వాపు వచ్చింది గనుక మా అమ్మాయికి కుడిచేయి కొట్టుకుంది. గాలి తగిలితే ఇంత లెక్కగా తగలదు.

ఈ తెల్లని ఉంగరము ఏమిటో మన దేశములో చాలాకాలము ఎవరికీ తెలియదు. 1980లలో సి.టి. స్కానింగు యంత్రాలు వచ్చినప్పుడు ఫిట్స్ వచ్చిన పిల్లల తలలో ఇటువంటి చుక్కలు విరివిగా కనబడ్డాయి. మన దేశములో క్షయ ఎక్కువ గనుక, అది మెదడు క్షయ గడ్డేనని నెలల తరబడి క్షయ మందులు ఇచ్చేవారు. కొందరిలో మందులు పూర్తికాక ముందే చుక్క మాయమయ్యేది. ఆ చిక్కు విప్పింది మన వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల. 1900లో ఐడా స్కడ్డరమ్మగారు ఒకే ఒక మంచముతో మొదలుపెట్టిన ఆసుపత్రి అది. 1949లో జేకబ్ చాందీగారు అక్కడ దేశములోనే మొదటి మెదడు శస్త్రచికిత్స విభాగము స్థాపించారు. ఆ విభాగములో తరువాత పనిచేసిన మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్ మొదలైనవారు ఇటువంటి చుక్కలను కొందరిలో ఆపరేషనుతో బయటికి తీసి సూక్ష్మదర్శిని క్రింద చూశారు. ఎక్కువభాగము క్షయ కాదు, చస్తూ ఉన్న పురుగు తిత్తులు, వాటిని చుట్టుముట్టిన వాపు. 1989లో ఈ సంగతి లాన్సెట్ అనే వైద్యపత్రికలో వచ్చింది. ఆ పది పన్నెండు మిల్లీమీటర్ల చుక్కను కోసి చూసినందువలన ఎందరు పిల్లలకు అక్కరలేని క్షయ మందులు, తల ఆపరేషన్లు తప్పాయో లెక్క చెప్పడం కష్టము. మన కానుక పెట్టెలలో వేసిన రూపాయలు ఇటువంటి చోట్లకు కూడ పోయాయని తలచుకుంటే మాకు సంతోషము. క్షయ గడ్డలు కూడ లేకపోలేదు. ఏది ఏదో చెప్పవలసినది డాక్టరే.

నిజానికి ఈ పురుగు సంగతి మన వైపు కొత్తది కాదు. 1888లోనే మద్రాసులో ఫిట్స్ వచ్చి చనిపోయిన ఒక కూలివాని మెదడులో ఈ తిత్తులను చూసి వ్రాశారు. మన దేశములో పనిచేసి ఇంగ్లాండు తిరిగిపోయిన సైనికులకు అక్కడ మూర్ఛ పట్టుకుంటుంటే, వారిలో దాదాపు 450 మందిని ఏళ్ళ తరబడి గమనించి 1961లో ఒక నివేదిక ప్రచురించారు. ఎక్కువమందికి పురుగు ఒంట్లో చేరిన కొన్ని సంవత్సరాలకు గాని ఫిట్స్ రాలేదు. అంతకాలమూ అది బ్రతికి ఉండి, వాపు లేకుండ ఉన్నదన్నమాట.

ఇక మా ఇంటి సంగతి. ఫిట్స్ ఆపే మాత్ర రోజూ, వాపు తగ్గించే ప్రెడ్నిసొలోన్ కొన్ని వారాలు, దానితోపాటు పురుగును చంపే ఆల్బెండజోల్ ఇచ్చారు. వాపు మందు లేకుండ పురుగు మందు ఒక్కటే వాడకూడదని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. తలలో తిత్తులు ఎక్కువగా ఉన్నవారిలో అన్నీ ఒకేసారి చస్తే ఒకేసారి వాపు వస్తుంది, ప్రాణము మీదికి వస్తుంది. కంటిలో తిత్తి ఉంటే చూపు పోవచ్చు. అందుచేత ఫలానా పిల్లకు ఆ మందుతో తగ్గిందని మెడికల్ షాపులో కొనుక్కొని మ్రింగకండి, స్కానింగు చూడనిదే ఎవరూ ఆ పని చేయకూడదు.

మందులు మొదలుపెట్టిన మూడవ నెలలో మా ఊరి ప్రక్క పల్లెలో ఉజ్జీవ కూటములు జరిగాయి. అక్కడ ప్రార్థన చేయించుకున్నాము. ప్రార్థన చేసిన ఆయన పేరు వ్రాయము. "విశ్వాసముంటే ఈ మాత్రలు ఇక్కడే పారవేసి పొండి" అన్నాడు. మా అమ్మమ్మగారు అప్పటికి ఇంకా ఉన్నారు, ఆమె మాత్రల పొట్లము మా చేతిలోనుండి తీసుకోబోయారు. మేము ఇవ్వలేదు. ఇంటికి వచ్చేదాకా బస్సులో ఎవరమూ మాట్లాడుకోలేదు. ఆ రాత్రి పెద్దామె "మీకు దేవునిమీద నమ్మకము లేదా?" అని అడిగారు. ఆమెకు మేము రెండవ రాజులు 20వ అధ్యాయము చదివి వినిపించాము. హిజ్కియా మరణకరమైన రోగముతో ఉన్నాడు, కన్నీళ్ళతో ప్రార్థించాడు, దేవుడు ఆయన ప్రార్థన విన్నానని ప్రవక్తతో చెప్పించాడు. స్వస్థపరచెదనని దేవుడే చెప్పిన తరువాత కూడ యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి ఆ పుండుమీద వేయించాడు. దేవుడు మాట ఇచ్చిన తరువాత ఆ ముద్ద ఎందుకు? పెద్దామె కాసేపు ఆలోచించి, "అయితే వేళకు వెయ్యండి" అన్నారు. మరుసటి ఆదివారము మా సంఘ కాపరి అయ్యగారు ఇంటికి వచ్చి పిల్ల తలమీద చేయివేసి ప్రార్థించి, లేస్తూ లేస్తూ "మాత్రలు అయిపోకముందే తెచ్చి పెట్టుకోండమ్మా" అని చెప్పారు.

మాత్ర మానకూడదని చెప్పడానికి ఇంకొక కారణము ఉంది. వాపు వలన ఫిట్స్ వస్తాయన్నది సగము సంగతే. ఇటలీ దేశములోని మిలాన్ నగరములో అన్నమరియా వెజ్జాని అనే శాస్త్రజ్ఞురాలు, ఆమెతో పనిచేసేవారు 1990ల చివరినుండి ఎలుకలలో చూసిందేమిటంటే, ఫిట్స్ వచ్చిన తరువాత మెదడులో ఆ వాపు రసాయనాలే పెరుగుతున్నాయి, వాటిని అడ్డుకుంటే ఫిట్స్ తగ్గుతున్నాయి. అంటే వాపు ఫిట్స్‌ను పుట్టిస్తుంది, ఫిట్స్ మళ్ళీ వాపును పెంచుతుంది. ఎద్దు గానుగ చుట్టూ తిరిగినట్లు తిరుగుతూ ఉంటుంది. ఫిట్స్ ఆపే మాత్ర ఆ పురుగును చంపదు, వాపును కరిగించదు. ఆ గానుగను మాత్రము తిరగనివ్వదు. వాపునే అడ్డుకొని మూర్ఛను ఆపే మందులు అందరికీ వచ్చేదాకా మనకు ఉన్న ఆధారము ఈ మాత్రలే. వాటిలో ఫినోబార్బిటాల్ 1912 నుండి వాడుకలో ఉన్నది, ఇప్పటికీ అతి చవక.

మా అమ్మాయికి ఏడాది తరువాత తీసిన స్కానింగులో ఆ నల్లని మరక పోయింది. ఉంగరము బిగుసుకొని ఒక సున్నపు చుక్క మిగిలింది. రెండేళ్ళు ఏమీ రాలేదు. డాక్టరు మెల్లగా మాత్ర తగ్గిస్తూ వచ్చాడు. ఇంటరు మొదటి సంవత్సరములో మళ్ళీ ఒకసారి చేయి కొట్టుకుంది. ఈసారి తీసిన స్కానింగులో ఆ పాత సున్నపు చుక్క చుట్టూ మళ్ళీ వాపు. చచ్చి ఎన్నో ఏళ్ళయిన పురుగుకు ఇప్పుడేమి వాపు అని మేము నిర్ఘాంతపోయాము. పెరూ దేశములో ఇటువంటివారిని గమనించి 2008లో ప్రచురించారట. సున్నపు చుక్కలున్నవారికి ఫిట్స్ తిరగబెట్టినప్పుడు దాదాపు సగముమందిలో చుక్క చుట్టూ ఇటువంటి వాపు కనబడింది. ఆ సున్నములోనుండి అప్పుడప్పుడు ఏదో కొంచెము బయటికి వచ్చి కాపలాదారులను మళ్ళీ రేపుతుందని అనుకుంటున్నారు. అప్పటినుండి మా అమ్మాయి మాత్ర మానలేదు. ఫిట్స్ కూడ రాలేదు.

ఈ పురుగు మా ఇంటికి ఎలా వచ్చింది? వీధిలో కొందరు నోరు చేసుకున్నారు. "పంది కూర తినేవాళ్ళకు రాకేమి" అన్న మాట మా చెవినే పడింది. ఈ మాట మన సంఘాలలో ఎందరికో తగులుతుంది గనుక ఇక్కడ కొంచెము ఆగి చెప్పాలి. పంది కూర తిన్నందువలన మెదడులో తిత్తి రాదు. సరిగా ఉడకని పంది మాంసములో తిత్తులుంటే, అది తిన్నవాని పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. అతనికి చాలాసార్లు ఏ బాధా ఉండదు. అతని మలములో గ్రుడ్లు బయటికి వస్తాయి. అతడు బయలుకు పోతే ఆ గ్రుడ్లు నేలమీద పడతాయి. అవి తిన్న పందికి కండలో తిత్తులు వస్తాయి. అవే గ్రుడ్లు చేతులద్వారా, నీళ్ళద్వారా, కడగని కొత్తిమీర, ముల్లంగి ద్వారా కడుపులోనికి పోయిన మనిషికి మెదడులో తిత్తులు వస్తాయి. ఆ మనిషి పుట్టి బుద్ధెరిగి మాంసము ముట్టనివాడైనా సరే. శాఖాహారుల ఇళ్ళలో కూడ ఈ జబ్బు ఉన్నదని డాక్టర్లందరికీ తెలుసు. తిన్నవాడు ఒకడు, పడినవాడు మరొకడు. వేలూరు జిల్లాలో పల్లెలు, పట్టణమూ తిరిగి చూసి 2006లో ప్రచురించిన పరిశీలనలో మూర్ఛ ఉన్నవారిలో దాదాపు మూడవవంతు మందికి కారణము ఈ పురుగే. కూర బాగా ఉడకనిచ్చి తినండి, పందులను దొడ్డిలో కట్టి పెంచండి. అంతకంటె ముందు చేయవలసినది ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో ఉంది. ఇశ్రాయేలీయులు పాళెము వెలుపలికి పోయినప్పుడు పారవంటి పనిముట్టు వెంట తీసుకొనిపోయి, త్రవ్వి, మన్నుతో కప్పి రావాలని దేవుడు ఆజ్ఞాపించాడు. ఈ వచనాలు చదివేటప్పుడు ప్రసంగీకులు కొంచెము సిగ్గుపడి దాటవేస్తారు గాని, మా లెక్కలో ఇది ఏడాదికి ఒక ఆదివారమైనా పూర్తిగా చదివి వినిపించవలసిన భాగము.

పందుల మాట వచ్చింది గనుక మన జిల్లాకు జరిగిన మరొక సంగతి. 1999 అక్టోబరు, నవంబరు నెలలలో అనంతపురము జిల్లాలో మెదడువాపు జ్వరము చెలరేగింది. మనది వానలేని సీమ, ఏడాదికి 550 మిల్లీమీటర్ల చొప్పున పడే చోటు, మనకు దోమజ్వరమేమిటి అని ఆనాడు చాలామంది అనుకున్నారు. కాని కాలువ క్రింద, చెరువు క్రింద వరి ఉంది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే ఆ వైరసును మోసే క్యూలెక్స్ దోమ వరిమడి నీళ్ళలో పెరుగుతుంది. వైరసు కొంగలలోను పందులలోను ఉండి, దోమకాటు ద్వారా పిల్లలకు అంటుతుంది. పురుగు తిత్తి మెదడులో ఒక మూల వాపు తెస్తే, ఈ జ్వరము మెదడంతటినీ ఒకేసారి ఉబ్బిస్తుంది. తలనొప్పి, వాంతులు, స్పృహ తప్పడం, ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇలా మెదడుకు ఎక్కినవారిలో నూటికి 30 మంది దాకా చనిపోవచ్చు. బ్రతికినవారిలో 30 నుండి 50 మందికి ఏదో ఒక లోపము మిగులుతుంది. మూర్ఛ వాటిలో ఒకటి. మేమెరిగిన ఒక పల్లెలో ఆనాడు జ్వరమునుండి బయటపడిన ఒక పిల్లవాడు ఉన్నాడు. ఇప్పుడు ముప్పై దాటాడు. మాట తడబడుతుంది, నెలకో రెండు నెలలకో ఫిట్స్ వస్తుంది. వాని తల్లి ఇప్పటికీ పొయ్యిలోని నిప్పులు ఆర్పనిదే గుమ్మము దాటదు. అగ్నిలోను నీళ్ళలోను పడతాడని సువార్తలో తండ్రి చెప్పిన మాట ఆమెకు ఎవరూ వివరించనక్కరలేదు. ఈ జ్వరానికి టీకా ఉన్నది. మీ ప్రాంతములో పిల్లలకు ఇస్తున్నారేమో ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకోండి.

పురుగు గాని, వైరసు గాని లేకుండ, శరీరపు కాపలాదారులే దారితప్పి సొంత మెదడుమీద పడే జబ్బులు కూడ ఉన్నాయి. 1958లో కెనడాలో థియొడోర్ రాస్ముస్సెన్ ఇటువంటి పిల్లలను గురించి మొదట వ్రాశాడు. 2007లో జోసెప్ దల్మావ్ మరొక రకము కనిపెట్టాడు. ఇది ఎక్కువగా వయసు ఆడపిల్లలకు వస్తుంది. ఉన్నట్టుండి నిద్ర ఉండదు, పొంతనలేని మాటలు, లేనివి కనబడడం, అరుపులు, తరువాత ఫిట్స్. మన పల్లెల్లో దీనిని చూసినవారెవరైనా దయ్యమేనని ప్రమాణము చేస్తారు. వెన్నునీరు, రక్తము పరీక్ష చేసి, వాపు తగ్గించే మందులు త్వరగా ఇస్తే వీరిలో చాలామంది కోలుకుంటారు. పిల్ల ఉన్నట్టుండి అలా మారిపోతే, ప్రార్థన చేస్తూనే బెంగుళూరు నిమ్హాన్స్‌కో, మరొక పెద్ద ఆసుపత్రికో ఆ వారములోనే తీసుకొనిపోండి. అన్ని మూర్ఛలకూ వాపే కారణమని దీని అర్థము కాదు. కాన్పు కష్టమై వచ్చేవి, తలకు దెబ్బ తగిలి వచ్చేవి, వంశములో వచ్చేవి ఉన్నాయి. దాదాపు సగముమందిలో కారణము దొరకదు.

ఫిట్స్ వచ్చినప్పుడు ఏమి చేయాలో రెండు మాటలు. మనిషిని ప్రక్కకు తిప్పి పడుకోబెట్టండి. దగ్గరలో రాళ్ళు, పొయ్యి ఉంటే జరపండి. నోటిలో చెంచా, వేలు పెట్టకండి, నీళ్ళు పోయకండి. గడియారము చూడండి. అయిదు నిమిషాలు దాటితే ఆటో పిలవండి, 108కి ఫోను చేయండి. తాళాలగుత్తి వలన ఆగదు. అది దానంతటదే ఆగే వేళకు మనము తాళాలు తెచ్చి ఉంటాము, అంతే.

మా అమ్మాయికి ఇప్పుడు ఇరవైమూడేళ్ళు. డిగ్రీ అయింది, సంబంధాలు వస్తున్నాయి. దగ్గరి చుట్టాలు ఒకరు, "ఇప్పుడెందుకు చెప్పేది, పెళ్ళయినాక మెల్లగా చెప్పుకోవచ్చులే" అన్నారు. మేము ఒప్పుకోలేదు. దాచి పెళ్ళి చేస్తే, రాత్రి అందరూ పడుకున్నాక పిల్ల దొంగతనంగా మాత్ర మ్రింగాలి. ఏదో ఒక రోజు మ్రింగలేకపోతుంది. ఆ ఇంట్లో ఫిట్స్ వచ్చిన రోజున మాత్రతోపాటు మా మాట కూడ పోతుంది. మూర్ఛ ఉన్నవారి పెళ్ళి చెల్లదనే మాట హిందూ వివాహ చట్టములోను, ప్రత్యేక వివాహ చట్టములోను ఒకప్పుడు ఉండేది. 1999లో పార్లమెంటు దానిని తీసివేసింది. 1872 నాటి మన క్రైస్తవ వివాహ చట్టములో ఈ రోగము పేరెత్తిన షరతు లేదు. చట్టము తీసివేసినది మనుషుల మనసులోనుండి పోవడానికి మాత్రం ఇంకా కాలము పట్టేటట్లుంది.

మొదట వచ్చిన సంబంధమువారికి ఫొటో ఇవ్వకముందే చెప్పాము. విని, కాఫీ త్రాగి, మళ్ళీ కబురు చేస్తామని పోయారు. కబురు రాలేదు. రెండవవారు గుత్తి వైపువారు. పిల్లవాని తల్లి చాలా ప్రశ్నలు అడిగింది. పుట్టే పిల్లలకు వస్తుందా, కాన్పులో ఇబ్బందా అని. మేము చెప్పింది నమ్మమని అడగలేదు. డాక్టరు దగ్గరికే తీసుకొనిపోయాము. ఈ రకమైనది వంశములో వచ్చేది కాదని ఆయన చెప్పాడు. మూర్ఛ మాత్రలలో వాల్‌ప్రోయేట్ అనేది కడుపులోని బిడ్డకు హాని చేయవచ్చు గనుక పిల్లలను కనే వయసు ఆడపిల్లకు వీలైనంతవరకు ఇవ్వరనీ, మా అమ్మాయి వాడేది అది కాదనీ, గర్భము రాకముందునుండే ఫోలిక్ ఆమ్లము వేసుకోవాలనీ, గర్భిణిగా ఉన్నప్పుడు భయపడి సొంతంగా మాత్ర మానకూడదనీ ఆమెకు వివరించాడు. ఆమె అన్నీ విని, కొంగు సర్దుకొని, "ఇదంతా మా తమ్మునికి ఎవురూ చెప్పలేదు సార్" అన్నది. ఆమె తమ్మునికి ఏమయిందో మేము అడగలేదు.

వారు ఇంట్లో మాట్లాడుకొని కోతపండుగ అయినాక వస్తామని చెప్పారు. మొన్న ఆదివారము గుడినుండి వచ్చేసరికి పిల్లవాడు మా ఫోనుకు ఒక ప్రశ్న వ్రాసి పంపి ఉన్నాడు. మాత్ర ఏ వేళకు వేసుకోవాలి అని. పొద్దున ఎనిమిదికి ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి అని మా అమ్మాయే జవాబు వ్రాసింది.